ఉలవల మూట: రేపు తెలియని వ్యాపారానికి ప్రణాళిక ఎలా ఉండాలి?

ప్రతి ఏడాదీ క్యాష్ క్రెడిట్, అంటే రోజువారీ వ్యాపార ఖర్చులకు వాడుకునే అప్పు, పరిమితిని పునరుద్ధరించే ముందు మా బ్యాంకు సీఎంఏ డేటా అనే లెక్కల పత్రం అడుగుతుంది. గడిచిన ఏళ్ల వాస్తవ లెక్కలు, నడుస్తున్న ఏడాది అంచనా, రాబోయే ఏళ్ల అమ్మకాలు, లాభాలు, సరుకు నిల్వలు, రావలసిన బాకీలు అన్నీ అందులో గడి గడికీ నింపి ఇవ్వాలి. 2006 నుంచి నేను నింపుతూ వచ్చిన ఆ పత్రాల్లో ఒక్కసారి కూడా రాబోయే ఏడాది అమ్మకాలు తగ్గుతాయని రాయలేదు. పన్నెండు శాతం, పదిహేను శాతం, ఉత్సాహం ఉన్న ఏడాది ఇరవై శాతం పెరుగుదల వేసి, ఆ పెరుగుదలకు తగ్గట్టు మిగతా గడులన్నీ సర్దేవాణ్ణి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు అంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. ఆ పత్రం బ్యాంకుకు అవసరమే, దాన్ని నేను తప్పుపట్టను. తప్పు మాది. చాలాకాలం పాటు దాన్నే మా ప్రణాళిక అనుకున్నాం.

చిన్న పరిశ్రమలు నడిపే మా తెలుగువాళ్లలో ఈ విషయం మీద రెండు అభిప్రాయాలు వింటుంటాను. పరిస్థితులు ఇంత అస్థిరంగా ఉన్నప్పుడు ప్రణాళిక వేయడమే వృథా, వచ్చినదాన్ని వచ్చినట్టు ఎదుర్కోవాలి అనేది ఒకటి. ఇంకా ఎక్కువ సమాచారం సేకరించి, ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ కొని, అంచనాను ఇంకా కచ్చితంగా వేయాలి అనేది రెండోది. నాకు రెండూ ఒకే పొరపాటు నుంచి పుట్టినవిగా తోస్తాయి, ఎందుకంటే ప్రణాళిక అంటే భవిష్యత్తును ముందే చెప్పడమని రెండు పక్షాలూ నమ్ముతున్నాయి. నా వాదన వేరు. రేపు ఏమవుతుందో తెలియనప్పుడు ప్రణాళికలో ఉండవలసింది అంచనా కాదు, నిర్ణయం. ఏ తేదీకి ఏ గుర్తు కనిపిస్తే, లేదా కనిపించకపోతే, ఏం చేస్తామో, దానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తామో, మనసు నెమ్మదిగా ఉన్న రోజునే రాసి పెట్టుకోవాలి. ఈ మాట నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. ఒక యంత్రం కొని నష్టపోయాక, అప్పటికి ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన ఒక ఉలవల మూట గుర్తుకు వచ్చి నేర్చుకున్నది.

మాది కదిరి దగ్గర పల్లె. నేను 1993లో బెంగళూరు వచ్చి, పీణ్యా పారిశ్రామికవాడలో ఒక మెషిన్ షాపులో సూపర్‌వైజరుగా పదమూడేళ్లు పనిచేసి, 2006లో మా అక్క భర్తతో కలిసి పీణ్యా రెండో స్టేజీలో సొంతంగా షెడ్డు పెట్టాను. ద్విచక్ర వాహనాలకు వెళ్లే టర్నింగ్, మిల్లింగ్ విడిభాగాలు చేస్తాం. ముప్పై నాలుగు మందిమి. సగానికి పైగా అనంతపురం, చిత్తూరు, కడప జిల్లాల వాళ్లే కనుక షాపులో కన్నడం ఎంత వినిపిస్తుందో తెలుగూ అంతే వినిపిస్తుంది. కొనుగోలుదారులతో మాట్లాడేది, మనుషులను చూసుకునేది మా బావ. లెక్కలు, బ్యాంకు, యంత్రాలు నావి.

2018లో మాకు ఒక ఆర్డరు బాగా పెరిగింది. ఇంజిన్‌కు పెట్రోలును గాలితో కలిపి పంపే కార్బ్యురేటర్‌లోకి వెళ్లే ఒక ఇత్తడి విడిభాగం అది, నెలకు లక్షా ఎనభై వేల ముక్కల దాకా అడుగుతున్నారు. దాని డ్రిల్లింగ్ అంతా అప్పటికే మా దగ్గర ఉన్న, రకరకాల ముక్కలు చేయగల కంప్యూటరు యంత్రం వీఎంసీ మీద చేస్తున్నాం. అదే పనికి ఎస్పీఎం, అంటే ఆ ఒక్క ముక్క కోసమే కట్టించుకునే ప్రత్యేక యంత్రం, ఇరవై రెండు లక్షలకు దొరుకుతుందని తెలిసింది. దాని మీద చేస్తే ముక్కకు నలభై రెండు పైసలు మిగులుతుంది. నెలకు డెబ్బై ఐదు వేల ఆరు వందలు, అయిదేళ్లకు నలభై అయిదు లక్షలకు పైగా. యంత్రం ఖరీదు పోను ఇరవై మూడు లక్షలు మిగులు. ఆ లెక్కను నేనే వేసి, నేనే బావకు చూపించి, అయిదేళ్ల అప్పు మీద ఎస్పీఎం తెప్పించాను. జులై నుంచి నడిచింది.

ఆ లెక్కలో ఉన్న పొరపాటు తెలియనిది కాదు. కేంద్ర ప్రభుత్వం బీఎస్-5ను దాటవేసి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్-6 ఉద్గార ప్రమాణాలకు వెళుతున్నట్టు 2016 జనవరిలోనే ప్రకటించింది. ఆ ప్రమాణాలు అందుకోవాలంటే చాలా బళ్లకు కార్బ్యురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ రాక తప్పదని మా రంగంలో అందరూ చెప్పుకుంటూనే ఉన్నారు. తేదీ తెలుసు, కారణం తెలుసు, మా ముక్క ఎక్కడ బిగిస్తారో తెలుసు. అయినా వాయిదా పడుతుందని అనుకున్నాను. పైగా అంతకు ముందు సంవత్సరమే, 2017 మార్చి 29న, బీఎస్-3 బళ్ల అమ్మకాన్ని మూడు రోజుల్లో ఏప్రిల్ 1 నుంచి నిలిపేయాలని సుప్రీంకోర్టు ఆదేశించడం, కంపెనీలు ఉన్న బళ్లను భారీ తగ్గింపులకు వదిలించుకోవడం కళ్లారా చూశాను. 2018 అక్టోబరు 24న అదే కోర్టు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 బళ్లు అమ్మడానికి వీల్లేదని తేల్చి చెప్పింది. అప్పటికి మా యంత్రం నాలుగు నెలల వయసుది.

జులై 2018 నుంచి మార్చి 2020 వరకు ఇరవై ఒక్క నెలలు. నెలకు డెబ్బై ఐదు వేల చొప్పున పూర్తి ఆర్డరు వచ్చి ఉన్నా పదహారు లక్షలు దాటదు. 2019లో వాహన రంగం మొత్తం మందగించింది కనుక అదీ రాలేదు. ఆ తర్వాత మరమ్మతుల మార్కెట్‌కు నెలకు పదకొండు వేల ముక్కలు మిగిలాయి. ఈఎంఐలు మాత్రం 2023 దాకా కట్టాం. కొనుగోలుదారుల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్లు ఎప్పుడూ ఇచ్చేది మూడు నెలల షెడ్యూలే, అందులో ఒక నెల ఖాయం, రెండు నెలలు తాత్కాలికం. మూడు నెలలు కనిపించే దారి మీద అరవై నెలల అప్పును నడిపించాలనుకున్నది నేను. అప్పు ఆయుష్షు ఆర్డరు ఆయుష్షును మించకూడదన్నది మా షాపులో ఇప్పుడు మొదటి నియమం. దాని ఖరీదు ఎంతో నాకు తెలుసు.

ఇక ఉలవల మూట సంగతి. మా నాయనకు ఎనిమిది ఎకరాల మెట్ట ఉండేది. అనంతపురం జిల్లా దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి, ఏడాదికి సగటున అయిదు వందల యాభై మిల్లీమీటర్లు పడితే గొప్ప. అక్కడ ప్రధాన పంట వేరుశనగ, మా మాటల్లో శెనక్కాయ. ఎకరా విత్తడానికి అయ్యే ఖర్చులో పెద్ద భాగం విత్తనపు కాయలదే కనుక, పదును, అంటే విత్తడానికి తగిన తడి, లేని నేలలో విత్తితే పంటతోపాటు పెట్టుబడీ మట్టిలో కలుస్తుంది. మా నాయన ఎన్నడూ ఈ ఏడాది వాన ఎంత పడుతుందని అంచనా వేయగా నేను వినలేదు. ఆయన దగ్గర ఉన్నవి రెండు తేదీలు. జులై నెలాఖరులోగా విత్తే పదును వస్తే శెనక్కాయ. రాకపోతే శెనక్కాయ ఆలోచన వదిలిపెట్టి, విత్తనపు కాయలను ఊరికే దాచుకోకుండా నూనె మిల్లుకు అమ్మేసి, ఆగస్టు వానకు ఉలవలు చల్లడం. ఉలవలతో డబ్బు రాదు, కానీ ఇంట్లోకి గింజ, ఎద్దులకు మేత దొరుకుతాయి. వచ్చే ఏడాది మళ్లీ శెనక్కాయ వేయడానికి మనిషీ ఎద్దూ బతికి ఉంటారు.

ఆ ఉలవల కోసం ఆయన ఆగస్టులో బజారుకు పరుగెత్తేవాడు కాదు. అందరికీ వాన తప్పిన ఏడాది అందరికీ ఉలవలే కావాలి, ధర మండిపోతుంది. అందుకని వాన బాగా పడిన ఏళ్లలో కూడా, ఆ మూటతో పని ఉండదని తెలిసిన ఏళ్లలో కూడా, విత్తనపు ఉలవల మూట ఒకటి ఇంటి అటక మీద ఉండేది. పని పడని ఏడాది దాన్ని పశువులకు ఉడకబెట్టి పెట్టి కొత్త మూట ఎక్కించేవాడు. నేను చదువుకుంటున్న రోజుల్లో అది వృథాగా కనిపించేది. శెనక్కాయ సాళ్ల మధ్య అక్కడక్కడా ఒక్కో కంది సాలు పోయడం కూడా అలాగే కనిపించేది. కంది వేరు లోతుకు దిగుతుంది కనుక, శెనక్కాయ ఎండిన బెట్టలో కూడా అది ఎంతో కొంత ఇస్తుందని తర్వాత అర్థమైంది.

అమెరికా ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లోనే ఒక తేడాను స్పష్టంగా చెప్పాడు. ఫలితం తెలియకపోయినా దాని అవకాశాలను లెక్కగట్టగలిగితే అది రిస్కు, అవకాశాలనే లెక్కగట్టలేనప్పుడు అది అనిశ్చితి. మా షాపులో వంద ముక్కలకు ఎన్ని రిజెక్ట్ అవుతాయో, ఏడాదిలో స్పిండిల్ ఎన్నిసార్లు మరమ్మతుకు వస్తుందో పాత రికార్డులు చూసి చెప్పగలను, అది రిస్కు. ఒక కోర్టు తీర్పు, ఒక పన్ను మార్పు, ఒక మహమ్మారి ఏ రికార్డులోనూ ఉండవు. నాయన వాన మొదటి రకానికి దగ్గర, నా కార్బ్యురేటర్ రెండో రకానికి దగ్గర. కానీ నాయన పద్ధతి రెండు చోట్లా పనికివస్తుందని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే దానికి అవకాశాల శాతాలతో పనే లేదు. ఏ రోజు దాకా ఆగవచ్చు, ఆ రోజు దాటితే ఏం వదులుకోవాలి, వదులుకున్నాక దేని మీద బతకాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు ముందే ఉంటే చాలు.

ఆ మూడింటిలో చివరిదే అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించేనాటికి మా చేతిలో పంతొమ్మిది రోజులకు సరిపడా డబ్బు ఉంది. ఆ మాట అప్పుడు మాకు తెలియదు, తర్వాత కూర్చుని లెక్క వేస్తే తేలింది. తెలియకపోవడమే అసలు ఘోరం. ఏప్రిల్ జీతాలు మా అక్క నగలు తాకట్టు పెట్టి ఇచ్చాం. రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం ఆగస్టు 31 దాకా వాయిదాలను ఆపింది గాని వడ్డీని ఆపలేదు. బాకీలో ఇరవై శాతం అదనపు అప్పుగా ఇచ్చిన ప్రభుత్వ హామీ పథకం నిజంగా ఆదుకుంది, ఆ కృతజ్ఞత నాకు ఉంది. కానీ ఏ పథకం వస్తుందో మార్చిలో ఎవరికీ తెలియదు. తెలియని సాయాన్ని ప్రణాళికలో జమ వేయకూడదు.

ఇప్పుడు మా లెక్క ఇలా ఉంటుంది. పని ఉన్నా లేకున్నా నెలకు కట్టి తీరవలసినవి పద్నాలుగు లక్షలు: జీతాలు ఏడు లక్షల ఎనభై వేలు, అద్దె లక్షా తొంభై వేలు, ఈఎంఐలు రెండు లక్షల అరవై వేలు, కనీస కరెంటు చార్జీలు, ఇతరాలు కలిపి లక్షా డెబ్బై వేలు. వంద రూపాయల అమ్మకంలో ఉక్కు, ఇత్తడి, టూలింగ్, రవాణా వంటివి పోను మాకు ముప్పై రూపాయలు మిగులుతాయి. అంటే నెలకు నలభై ఆరు లక్షల డెబ్బై వేల అమ్మకం ఉంటేనే మేం నీళ్లపైన తేలుతాం. అరవై లక్షల నెలలో నాలుగు లక్షలు మిగులు, ముప్పై శాతం పడిపోతే లక్షా నలభై వేలు నష్టం, సగానికి పడిపోతే అయిదు లక్షలు నష్టం. ఈ నాలుగు వాక్యాలు చెప్పలేని యజమాని దగ్గర ఎంత లావు ప్రాజెక్ట్ రిపోర్టు ఉన్నా అది ప్రణాళిక కాదన్నది నా అభిప్రాయం.

దీని వెనకాలే మా ఉలవల మూట వస్తుంది. మూడు నెలల స్థిర ఖర్చు, నలభై రెండు లక్షలు, వేరే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పెట్టాం. చేరడానికి నాలుగేళ్లు పట్టింది. మా ఆడిటరు దీన్ని ఒప్పుకోరు. ఒక పక్క క్యాష్ క్రెడిట్‌కు అధిక వడ్డీ కడుతూ మరో పక్క తక్కువ వడ్డీకి డిపాజిట్ పెట్టడం ఏ పుస్తకంలోనూ సరైనది కాదంటారు. రెండు వడ్డీల తేడా మూడున్నర శాతం అనుకుంటే ఏడాదికి దాదాపు లక్షన్నర. ఆయన లెక్క సరైనదే. అయితే ఆ లక్షన్నరను నేను నష్టంగా రాసుకోను, ప్రీమియంగా రాసుకుంటాను. వేరే బ్యాంకులో పెట్టడానికీ కారణం ఉంది. అదే ఖాతాలో ఉంటే ప్రతి సోమవారం ఏదో ఒక అవసరం దాన్ని కొరుక్కు తింటుంది.

పతనం గురించే భయపడితే సరిపోదు, పెరుగుదల కూడా చిన్న షాపును ముంచగలదు. మాకు డబ్బు రావడానికి సగటున డెబ్బై అయిదు రోజులు పడుతుంది. అమ్మకం నెలకు అరవై నుంచి ఎనభై లక్షలకు పెరిగితే, ఆ అదనపు ఇరవై లక్షలకు రెండున్నర నెలల బాకీ, అంటే యాభై లక్షలు, కొనుగోలుదారుల దగ్గర నిలిచిపోతుంది. ఉక్కు సరఫరాదారు ముప్పై రోజుల అరువు ఇచ్చినా నలభై లక్షలు మేం తేవాలి. సూక్ష్మ, చిన్న సంస్థలకు నలభై అయిదు రోజుల్లోగా చెల్లించాలని 2006 చట్టం చెబుతుంది. గడువు దాటి బాకీ ఉంచితే ఆ ఖర్చును అసలు చెల్లించిన ఏడాది దాకా ఆదాయపు పన్ను లెక్కల్లో తీసివేసుకోవడానికి వీల్లేదని ఈమధ్య కొత్త నిబంధన కూడా వచ్చింది. దానివల్ల కొంత మేలు జరిగింది, కానీ చట్టం నలభై అయిదు అన్నదని నా ప్రణాళికలో నలభై అయిదు వేసుకోను. డెబ్బై అయిదే వేసుకుంటాను.

వ్యాపారంలో మిగులు అంటే వృథా అని మా తరానికి నూరిపోశారు. సరుకు నిల్వ ఉండకూడదు, ఖాళీ యంత్రం ఉండకూడదు, అవసరమైనది అవసరమైన క్షణానికే రావాలి అన్న పద్ధతికి టొయోటాను ఆదర్శంగా చూపిస్తారు. అదే టొయోటా 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ తర్వాత ఏ విడిభాగం ఆగితే తన పని ఆగుతుందో సరఫరాదారుల అంచెలంచెలుగా గుర్తించి, అలాంటి చోట్ల, చిప్‌లతో సహా, నెలల నిల్వ ఉంచుకునేలా ఏర్పాటు చేసుకుంది. 2021లో ప్రపంచమంతా చిప్‌లు దొరకక కార్ల ఫ్యాక్టరీలు ఆగుతుంటే మొదటి నెలల్లో అది మిగతావాళ్ల కంటే నిలదొక్కుకుంది. ఆ సెప్టెంబరులో దానికి కూడా ఉత్పత్తిని నలభై శాతం తగ్గించుకోక తప్పలేదన్నదీ నిజం. ఏ మూట అయినా కొంతకాలానికే వస్తుంది. కానీ ఆ కొంతకాలంలో ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. అన్నిటికీ నిల్వ పెట్టమని నేను అనడం లేదు. ఏది ఆగితే అంతా ఆగుతుందో దానికి మాత్రం పెట్టాలి. మా విషయంలో అది కంప్యూటరు యంత్రాలను పనికి సిద్ధం చేసే ఇద్దరు సీఎన్‌సీ సెట్టర్లు, ఒక గ్రేడు ఉక్కు, ముక్కలను కొలిచే ఒక గేజి. మూడో సెట్టరును తయారుచేయడానికి ఏడాదిన్నర జీతం ఖర్చయింది.

కంది సాలు సంగతి, అంటే ఒకే పంట మీద ఆధారపడకపోవడం గురించి కూడా చెప్పాలి. నేను బెంగళూరు వచ్చిన కొత్తలో జాలహళ్లి చుట్టుపక్కల చిన్న షాపులకు ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీల ఆర్డరు ఉందంటే పిల్లనిచ్చేవారు. 1953లో మొదలైన ప్రభుత్వ రంగ యంత్రాల సంస్థ హెచ్‌ఎంటీ ఈ ఊరికి యంత్రపు పని నేర్పిన బడి. ఆ సంస్థ గడియారాల కంపెనీని మూసివేయడానికి 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంత పెద్ద చెట్టు కూడా వాడుతుందని చూసిన ఊళ్లో ఉంటూ, 2021 దాకా మా అమ్మకాల్లో డెబ్బై ఒక్క శాతం ఇంజిన్ భాగాలదే కావడం నా నిర్లక్ష్యం. ఇప్పుడది నలభై ఎనిమిది. మిగతాది ఎలా మార్చుకున్నామో చెప్పడానికి ఎలక్ట్రిక్ బళ్ల ప్రస్తావన తేవాలి.

1970ల మొదట్లో షెల్ చమురు కంపెనీలో పియర్ వాక్ బృందం ఒకే అంచనా ఇచ్చే అలవాటు మానేసి, భవిష్యత్తు గురించి రెండు మూడు భిన్నమైన, నమ్మదగిన కథలు రాసి మేనేజర్ల ముందు పెట్టింది. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చి, కొన్ని నెలల్లోనే ధర సుమారు నాలుగింతలు అయినప్పుడు, అలాంటి రోజు రావచ్చని ముందే ఆలోచించి ఉన్న పెద్ద కంపెనీ అది. ఆ పద్ధతి వెనుక పెద్ద విభాగాలు, పెద్ద ఖర్చు ఉంటాయనుకుని మావంటివాళ్లం దాని జోలికి వెళ్లం. నిజానికి దానికి ఒక ఆదివారం మధ్యాహ్నం, నాలుగు కాగితాలు చాలు.

మేం మూడు కథలు రాసుకున్నాం. మొదటి కథలో 2030 నాటికి స్కూటర్లలో అధిక భాగం ఎలక్ట్రిక్ అవుతాయి, ఇంజిన్ భాగాలకు కాలం చెల్లుతుంది. రెండో కథలో పెట్రోలు ఇంజిన్ ఇథనాల్ మిశ్రమంతోనో సీఎన్‌జీతోనో చాలాకాలం బతుకుతుంది. 2024 జులైలో బజాజ్ సీఎన్‌జీ మోటారుసైకిలు తెచ్చింది కనుక అది కల్పన కాదు. మూడో కథలో ఎలక్ట్రిక్ వైపు మార్పు ఆగుతూ సాగుతుంది. దానికి ఆధారాలు బోలెడు: ఎలక్ట్రిక్ బళ్లకు ఇచ్చే కేంద్ర సబ్సిడీ 2021 జూన్‌లో బ్యాటరీ సామర్థ్యంలో కిలోవాట్ అవర్‌కు పదిహేను వేల రూపాయలకు పెరిగి, 2023 జూన్‌లో పదివేలకు తగ్గింది. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతిని కట్టడి చేస్తే, మోటార్లకు అవి దొరకక మన ఎలక్ట్రిక్ బళ్ల కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. అన్నీ వదిలి ఎలక్ట్రిక్ వైపు దూకినవాళ్లకు కూడా నేల గట్టిగా లేదన్నమాట. ఏ కథ నిజమవుతుందని మేం వాదించుకోలేదు. మూడు కథల్లోనూ బతికే ముక్క ఏదని మమ్మల్ని మేం అడిగాం. చక్రానికి ఇరుసు కావాలి, స్పేసరు కావాలి, బ్రేకు కావాలి, ముందు ఫోర్కు కావాలి. బండి కడుపులో పెట్రోలు ఉన్నా బ్యాటరీ ఉన్నా ఇవి మారవు. 2022 తర్వాత పెట్టిన ప్రతి రూపాయీ ముందు అటు వెళ్లింది. ఎస్పీఎం బదులు, ముక్కను బిగించే ఫిక్సరు మారిస్తే వేరే ముక్క చేయగల వీఎంసీలే తీసుకున్నాం. ముక్కకు నలభై పైసలు ఎక్కువ పడితే పడనీ.

మొత్తానికి మా ప్రణాళిక ఇప్పుడు రెండు కాగితాలు. ఒకదాని మీద మేం పోగొట్టుకోగలిగింది ఎంత, పోగొట్టుకోకూడనిది ఏమిటి అని ఉంటుంది. రెండోదాని మీద గుర్తులు, తేదీలు, వాటికి ఎదురుగా నిర్ణయాలు. బార్ ఉక్కు ధర నెలలో ఎనిమిది శాతం దాటి పెరిగితే వారంలోగా కొత్త ధర అడగాలి, అడగడానికి మొహమాటపడకూడదు. క్యాష్ క్రెడిట్ వాడకం వరుసగా మూడు వారాలు ఎనభై అయిదు శాతం దాటితే కొత్త ఆర్డరు ఒప్పుకోకూడదు. వరుసగా రెండు షెడ్యూళ్లు తాత్కాలిక సంఖ్య కంటే ఇరవై శాతం తగ్గితే ఓవర్‌టైం ఆపి, కాంట్రాక్టు మనుషులను తగ్గించాలి. ప్రతి నెలా మొదటి శనివారం ఇద్దరం కూర్చుని వీటిని చూస్తాం.

మా బావకు ఈ పద్ధతి మీద మొదటి నుంచీ ఒక అభ్యంతరం ఉంది. "అబ్బీ, నువ్వు నిన్న రాసిన కాగితం ఇవాళ నా చేతులు కట్టేస్తుంది. నేను మనిషి మొహం చూసి వ్యాపారం చేసినవాణ్ణి" అన్నారు. అది తీసిపారేయవలసిన మాట కాదు. నేను చెప్పిన సమాధానం ఏమిటంటే, ఆపద వచ్చిన రోజు మన బుద్ధి మనతోనే బేరమాడుతుంది, ఇంకొక్క నెల చూద్దాం అంటుంది, 2018లో నాతో అలాగే అన్నది. అందుకే బేరం లేని రోజున రాసుకుంటున్నాం. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. నియమాన్ని దాటవచ్చు, కానీ ఎందుకు దాటుతున్నామో అదే కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాలి.

2025 ఆగస్టులో ఆ అవసరం వచ్చింది. నెల మధ్యలో వచ్చిన సవరణలో ఇరవై రెండు శాతం, సెప్టెంబరు షెడ్యూల్‌లో ఇరవై ఏడు శాతం కోత పడ్డాయి. నియమం ప్రకారం తొమ్మిది మంది కాంట్రాక్టు కుర్రాళ్లను పంపేయాలి. నేను జాబితా రాస్తుంటే బావ ఆపారు. జీఎస్టీ తగ్గిస్తామని ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు కదా, బండి కొనాలనుకున్నవాడు ధర తగ్గేదాకా ఆగాడే గాని కొనడం మానలేదు అన్నారు. సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి నిర్ణయం తీసుకుంది. ఆ నెల 22వ తేదీ నుంచి, 350 సీసీ దాకా ఇంజిన్ ఉన్న మోటారుసైకిళ్లు, స్కూటర్ల మీద పన్ను ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిది శాతానికి దిగింది. దసరా, దీపావళి రెండూ అక్టోబరులోనే. మాకు ఆ నెల వచ్చిన షెడ్యూలు తాత్కాలిక సంఖ్య కంటే ముప్పై అయిదు శాతం ఎక్కువ. ఆ తొమ్మిది మందిని పంపేసి ఉంటే తిరిగి దొరికేవారు కాదు, ఆర్డరు పక్క షెడ్డుకు పోయేది.

బావ గెలిచారని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. నా నియమంలో లోపం ఉంది. అది ఎంత తగ్గిందో అడిగింది, ఎందుకు తగ్గిందో అడగలేదు. ఆగిపోయిన గిరాకీ వేరు, పోయిన గిరాకీ వేరు. వాన ఆలస్యమైతే నాయన జులై నెలాఖరు దాకా చూసేవాడు, బావి ఎండితే ఒక్కరోజు కూడా చూసేవాడు కాదు. ఇప్పుడు ఆ నియమం పక్కన కారణం రాయడానికి ఒక గడి చేర్చాం, కొనుగోలుదారుల గోడౌన్‌కు వెళ్లి చూసి రావడం బావ పనిగా రాశాం. ఒకటి మాత్రం గమనించమని కోరతాను. కాగితం లేకుంటే ఆయన మాట ఊహగా వచ్చి పోయేది. రాసి సంతకం పెట్టవలసి వచ్చింది కనుకే అది నిర్ణయం అయింది, తప్పు నాకు కనిపించింది.

ఇంత చేసినా ఒక గడి చాలాకాలం ఖాళీగానే ఉంచాం. 2021 మే నెలలో బావ పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ సరఫరాదారుతో ఏ మాట నడుస్తోందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పెద్ద చెల్లింపులకు ఇద్దరి సంతకాలు కావాలి. ఉక్కు ధర, కోర్టు తీర్పు, చైనా అయస్కాంతం అన్నిటికీ గుర్తులు రాసుకున్న మేం, మా ఇద్దరిలో ఒకరం లేని రోజుకు ఏమీ రాసుకోలేదు. ఆ మాట ఎత్తడమే అశుభం అనిపించింది. నాకు తెలిసిన చిన్న పరిశ్రమల్లో దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోతారు, నిజానికి అన్ని అనిశ్చితుల్లో తప్పక జరిగేది ఇదొక్కటే.

పోయిన నెల మొదటి శనివారం ఆ గడి నింపాం. బ్యాంకులో మూడో సంతకం మా అక్కది. పదేళ్లుగా జీతాల పుస్తకం రాస్తున్నది ఆమే, 2020లో నగలు తీసి ఇచ్చిందీ ఆమే. ఒప్పుకుంది గాని ఒక షరతు పెట్టింది. తాను సంతకం చేయాలంటే, ఆ రెండు కాగితాలను మేమిద్దరం చెప్పకుండానే తాను ఒంటరిగా చదివి అర్థం చేసుకునేలా తిరగరాయాలట. నేను రాసినదాన్ని ఆమె చేతికిచ్చి చూశాను. పదకొండు చోట్ల వేలు పెట్టి ఇదేమిటని అడిగింది. ఆరింటికి నేను జవాబు చెప్పాను, మూడింటికి బావ చెప్పారు. మిగిలిన రెండింటికి మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. వచ్చే శనివారంలోగా వాటిని తేల్చాలి.